గింజ చితక్కుండా

స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకెత్తి పట్టుకుంది దాలమ్మ,
పొందూరులో పత్తిని పట్టి చూసినట్టే.
"ఏకై వచ్చి మేకై కూకున్నాది కదేటి డాక్టరమ్మా!
నులిపురుగులనుకున్నాం.
గుంట పెద్దమనిసవుతాదేమో అనుకున్నాం."

పూర్వితకు పదకొండేళ్ళు.
కుడి అండాశయం మీద పద్నాలుగు సెంటీమీటర్ల గడ్డ.
కొంత నీరు, కొంత గట్టి.
రక్తపరీక్షలో ఒక అంకె
ఉండాల్సిన చోట లేదు.

తండ్రి అసిరిబాబు ఫోన్‌లో ఏదో వెతికి చూపించాడు.
"రంధ్రాల ఆపరేషన్ సెయ్యండి మేడం.
ఆమదాలవలస పాపకి మీరే సేసినారంట,
మూడో రోజుకి ఇంటికెల్లిపోనాదంట,
బొడ్డుకాడ సుక్క తప్ప ఏటీ లేదంట."

నిజమే. చేశాను.
ఆ పాపది నిమ్మకాయంత నీటితిత్తి,
మెలిపడి నల్లబడుతున్న అండాశయం.
మూడు చిల్లుల్లోంచి వెళ్ళి
మెలి విప్పి, తిత్తిని ఒలిచి,
అండాశయాన్ని దాని చోటే ఉంచి వచ్చాను.
కాసేపటికి అది మెల్లగా ఎర్రబడింది.
ఆ రాత్రి నాగావళి వంతెన మీద స్కూటీ ఆపి
ఊరికే నిలబడ్డాను.

ఇది వేరు.
ఇది సంచిలో పట్టదు, చిల్లులోంచి రాదు.
రావాలంటే లోపలే పొడిచి నీరు లాగాలి.
లాగేటప్పుడు ఒక్క చుక్క జారితే
ఆ చుక్కలో ఏముందో నాకు తెలియదు.
చదువుకునే రోజుల్లో, టెక్కలి పాప ఒకతె.
నేను కెమెరా పట్టుకుని ఉన్నాను.
తెర మీద తిత్తి పగిలి
పేగుల మధ్యకు ఏదో చిక్కగా జారింది.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఆ పిల్ల మందుల సీసాల కింద గడిపిన నెలలు,
దిండు మీద జుట్టు.
చిన్న గాటు ప్రతిసారీ చిన్న హాని కాదు.
ఈ మాట నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది,
అసిరిబాబుకు చెప్పడానికి గంట చాల్లేదు.
"సేతకాక కోస్తన్నారేటి?" అన్నాడు.
అనొచ్చు.

దాలమ్మ తన చేతులు చూసుకుంది.
వాలుగ చేప దవడతో
నలభయ్యేళ్ళు పత్తి దువ్విన చేతులు.
"దువ్వినప్పుడు గింజ సితక్కూడదురా.
సితికితే నూని దిగిపోతాది, పత్తంతా పాడు.
ఈయమ్మ సెప్తన్నదీ అదే."
అదే.
నాకన్నా తక్కువ మాటల్లో.

మర్నాడు ఏడున్నరకు
పొట్ట మీద నిలువుగా గీశాను.
కడుపుకోత అంటారు కదా,
ఆ మాటను నేను బయటెక్కడా వాడను.
ముందు కడుపులో నీరు కొంచెం సీసాకెత్తాం.
తర్వాత రెండు అరచేతులూ లోపలికి పెట్టి
వేడిగా, బరువుగా, నున్నగా ఉన్నదాన్ని
పైకి తీశాను.
పక్క బ్లాకులో పురుళ్ళు పోసేవాళ్ళ పనిలానే ఉంది,
ఏడుపొక్కటే లేదు.
పగల్లేదు.
ఎడమ అండాశయాన్ని వెతికి చూశాం:
బాదం గింజంత, తెల్లగా,
ఏమీ ఎరగనట్టు.
దాని జోలికి పోలేదు.

ఆరో రోజు కట్టు విప్పితే
పూర్విత వేలితో గాల్లోనే లెక్కపెట్టింది.
"పదిహేడు కుట్లు.
ఆ అక్కకి మూడు సుక్కలేనా?"
"అవును."
"మరి నాకెందుకిలాగ?"
నా దగ్గర బొమ్మలున్నాయి, అంకెలున్నాయి,
పదకొండేళ్ళకు సరిపోయేది ఒక్కటీ లేదు.
"నీది పగలకుండా తియ్యాలనుకున్నానమ్మా."
"తీసేరా?"
"తీశాను."
"అయితే సర్లెండి," అంది,
క్షమించినట్టు కాదు,
బేరం ఒప్పుకున్నట్టు.

దాలమ్మ ఆసుపత్రి దూదిని వేళ్ళ మధ్య నలిపి
"ఇదేటి పత్తమ్మా, సెత్త" అని
కొంగుముడి విప్పింది.
అరటి పట్టలో చుట్టిన ఏకు ఒకటి,
పొగలా తెల్లగా.
వద్దమ్మా, ఉడకబెట్టింది కాదు, అన్నాను.
మళ్ళీ ముడేసుకుంది.

ముక్క పరీక్ష రిపోర్టు విశాఖ నుంచి గురువారం వస్తుంది.
ఇవాళ సోమవారం.